గట్టు మీద జెండాలు, నా చేతిలో సైకిలు

ఆ రోజుల్లో నాకు ప్రతివాడి మీదా అనుమానంగా ఉండేది. ఎవరైనా నన్ను చూసి నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే వీడికేం తెలిసిపోయిందా అని. ఇరవై మూడేళ్ళ వయసులో కుర్రాళ్ళు ప్రేమలో పడతారు, మ్యాట్నీలకి పోతారు, మీసాలు దువ్వుకుంటారు. నేను మాత్రం ఆ వయసంతా వెనక్కి తిరిగి చూసుకుంటూ గడిపేశాను. ఊరికే కాదు లెండి, కారణం ఉంది. నేనో అబద్ధం ఆడి గవర్నమెంటు ఉద్యోగంలో చేరాను. అబద్ధం చిన్నదే, ఒకే ఒక్క ముక్క. కానీ ఆ ముక్క కింద నా సంతకం ఉంది.

సంగతేంటంటే, మా నాన్నగారు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేస్తూ సర్వీసులోనే పోయారు. ఆ ఉద్యోగం నాకిచ్చారు. నిడదవోలుకి అవతల ఓ చిన్న కాలువ, ఆరు కిలోమీటర్ల గట్టు. రోజూ ఆ గట్టంతా తిరిగి, ఎక్కడ జారుతోందో, ఎక్కడ ఎలకలు బొక్కలు పెట్టాయో చూసి రాయాలి. అందుకని దరఖాస్తులో 'సైకిలు తొక్కుట వచ్చునా?' అని ఓ గడి ఉండేది. నేను 'వచ్చును' అని రాశాను. నాకు రాదు. రాజమండ్రిలో మా ఇల్లు లారీలు తిరిగే రోడ్డు మీద ఉండేది. మా నాయనమ్మ నన్ను సైకిలు ముట్టుకోనిచ్చేది కాదు ("చక్రం మీద కూచునేవాడికి కాళ్ళు ఎందుకిచ్చాడ్రా దేవుడు?" అనేది). గోదావరి జిల్లాలో పుట్టి సైకిలు రానివాడు నేనొక్కణ్ణే అయ్యుంటాను. పాలవాళ్ళకొచ్చు, పూజారిగారికొచ్చు, రెండు చేతులా కొబ్బరి గెలలు పట్టుకుని తొక్కేవాళ్ళున్నారు. ప్రొబేషను రెండేళ్ళు. ఈలోగా ఆ ఒక్క ముక్క బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది, ఇంట్లో అమ్మ, చదువుకుంటున్న చెల్లి నా జీతం మీదే ఉన్నారు. ఇక నాకు అనుమానాలు పుట్టక ఏం పుడతాయి చెప్పండి?

అందుకని నేనో ఉపాయం చేశాను. నాన్నగారి నల్ల సైకిలు పక్కన పెట్టుకుని, హ్యాండిలు పట్టుకుని, ఆరు కిలోమీటర్లూ నడిపించుకుంటూ పోయేవాణ్ణి. ఎవరైనా ఎదురైతే చటుక్కున వంగి నేలలోకి చూసేవాణ్ణి. ఎలక బొక్క లేకపోయినా ఉన్నట్టు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకునేవాణ్ణి. ఏం రాసేవాడినంటారా? ఒక్కోసారి నా పేరే రాసుకునేవాణ్ణి. మా సెక్షనులో లస్కరు ఒకాయన ఉండేవాడు, యాభై దాటిన మనిషి, లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన ఊరంతా చెప్పాడట: "మన కొత్త ఇన్‌స్పెక్టరుగారు మామూలోడు కాదండోయ్. సైకిలుండి కూడా ఎక్కనే ఎక్కడండి బాబూ! గట్టుని బెత్తెడు బెత్తెడు చూసుకుంటా నడుత్తాడు." ఆ మాట విని నేను సంతోషించాలి కదా. లేదు. ఈయన నిజంగా మెచ్చుకుంటున్నాడా, తెలిసిపోయి వెటకారం ఆడుతున్నాడా అని రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇలా ఆరు నెలలు నెట్టుకొచ్చాను. వేసవి వచ్చింది, కాలువలు కట్టేశారు. మీకు తెలుసుగా, నీళ్ళు ఆపేసిన ఆ నెలన్నర రోజుల్లోనే కాలువలో పూడిక తీసి గట్టు మీద పోస్తారు. మా వైపు భూమి చపాతీ పీటలా ఉంటుంది, కొండన్నది చూడాలంటే బస్సెక్కాలి. అలాంటి చోట ఆ పూడిక దిబ్బలే మాకు కొండలూ గుట్టలూ. ఓ రోజు పొద్దున్న సైకిలు నడిపించుకుంటూ మూడో కిలోమీటరు రాయి దాటానో లేదో, టక్కున ఆగిపోయాను. దిబ్బల మధ్య నుంచి వంకరటింకరగా సున్నం గీతలు. గీతల పక్కన సరుగుడు పుల్లలు, పుల్లలకి గుడ్డ జెండాలు. ఒక వరస ఆకుపచ్చ, ఒక వరస నీలం. అన్నిటికంటే ఎత్తైన దిబ్బ నెత్తి మీద ఎర్ర జెండా.

"గ్యాసోళ్ళండి," అన్నాడు లస్కరు బాబాయి, నా వెనకాల నిలబడి గొంతు తగ్గించి. ఆ రోజుల్లో మా వైపు పొలాల్లో జెండా పాతారంటే ఒకటే అర్థం. గ్యాసు పైపులైను పోతుంది, పొలం తవ్వుతారు. మధ్యాహ్నానికి ఊళ్ళోవాళ్ళు గట్టెక్కారు. ఎర్ర జెండా చూసి ఇళ్ళ స్థలాలు పంచుతారేమోనని ఇద్దరు ఆడవాళ్ళు రేషను కార్డులు కూడా పట్టుకొచ్చారు. గట్టు పక్కనే మూడెకరాలున్న ఓ రైతు ఉండేవాడు, ఎండైనా వానైనా భుజం మీద గళ్ళ తువ్వాలు లేందే కనబడడు, నేను మనసులో ఆయన్ని గళ్ళతువ్వాలుగారనే అనుకునేవాణ్ణి. ఆయన జెండాలు చూశాడు, నన్ను చూశాడు, నా పుస్తకం చూశాడు.

"ఏవండీ ఇన్‌స్పెక్టరుగారూ, ఆర్నెల్లబట్టి సైకిలెక్కకుండా అడుగులేసుకుంటా కొలిచింది తమరే కదండీ?"

"కొలవడమేంటండీ? నేను ఎలక బొక్కలు చూస్తున్నాను."

"మరేనండి. ఎలకలు ఎక్కడికి పోతాయి, పైపు ఎక్కడికి పోద్ది, రెండూ ఆ పుస్తకంలోనే ఉంటాయేమో. ఓసారి చూపించండి మరి."

పుస్తకంలో నా పేరు నూటపదిసార్లు రాసి ఉంది. ఎలా చూపించను? చూపించలేదు. చూపించకపోయేసరికి ఊరంతటికీ రూఢి అయిపోయింది. నేను వాళ్ళని అనుమానిస్తూ తిరుగుతుంటే వాళ్ళే నన్ను అనుమానించడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నాకు బల్ల మీద చోటివ్వలేదు.

ఆ జెండాలు పాతిన దొంగని పట్టుకుంటే తప్ప నా పరువు దక్కదనిపించింది. మర్నాడు తెల్లారీ తెల్లారకుండానే వెళ్ళి, ఓ తుమ్మచెట్టు వెనక సైకిలుతో సహా నక్కాను. గంటసేపు చీమలు కుట్టాయి. చివరికి ఓ సైకిలు వచ్చింది. లావుపాటి టైర్లు, మెలి తిరగని అడ్డ హ్యాండిలు, హ్యాండిలు దగ్గర గేర్లు. అలాంటి సైకిలు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తోంది, దాన్ని కొండ సైకిలనేవాళ్ళు. దాని మీద చుడీదారు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి, అప్పర్ ప్రైమరీ స్కూలు లెక్కల టీచరుగారు! ఆవిడ ఆగలేదు. నీలం జెండాల మీదుగా లేచి, పడి, మలుపు తిరిగి, ఎర్ర జెండా దిబ్బ సర్రున ఎక్కి, అవతలికి దూకింది. నిజంగా దూకింది, రెండు చక్రాలూ గాలిలోకి లేచాయి. నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆవిడ వెనకాల నలుగురు ఆడపిల్లలు డొక్కు సైకిళ్ళ మీద ఆకుపచ్చ జెండాల పక్కన తూలుకుంటూ వస్తున్నారు.

నేను చెట్టు వెనక నుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చి "ఎవరక్కడ!" అని అరిచాను. ఎవరో ఎదురుగానే కనబడుతున్నారు, అయినా అరిచాను. ఆ కంగారులో నా సైకిలు నా మీదే పడింది.

"నేనేనండి," అంది టీచరుగారు, సైకిలు ఆపి. "లేవండి ముందు. దెబ్బ తగిలిందా?"

"అది తర్వాత. ఇది డిపార్టుమెంటు గట్టు. ఈ జెండాలేంటి? మీ వెనక ఎవరున్నారు?"

"నా వెనకాలా? ఈ నలుగురేనండి." పిల్లలు కిసుక్కున నవ్వారు. అప్పుడు చెప్పిందావిడ. ఆవిడది జంగారెడ్డిగూడెం వైపు. చిన్నప్పుడు జీడితోటల్లో, ఎర్రమట్టి గుట్టల మీద అన్నయ్యలతో పోటీపడి సైకిలు తొక్కిన మనిషి. బదిలీ మీద మా పల్లానికొచ్చాక ఎక్కడానికి గుట్ట కాదు కదా, ఓ మిట్ట కూడా దొరకలేదట. పూడిక దిబ్బలు చూడగానే ప్రాణం లేచొచ్చిందట. కానీ అసలు పని అది కాదు. ఈ నలుగురూ ఏడో తరగతి అయిపోయినవాళ్ళు. హైస్కూలు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది, దారి ఈ గట్టే. సైకిలు రాకపోతే జూన్లో చదువు మానిపించేస్తామని ఇళ్ళల్లో చెప్పేశారు. "పచ్చ జెండాల దారి ఇప్పుడే మొదలెట్టినవాళ్ళకండి. నీలం, పడ్డం అలవాటైనవాళ్ళకి. ఎర్రది నా సరదాకి. తిన్నటి రోడ్డు మీద నేర్చుకుంటే గట్టెక్కగానే పడతారు. గతుకుల్లో నేర్చుకుంటే ఎక్కడికైనా పోతారు. సున్నం స్కూల్లో మిగిలింది. జెండాలు నా పాత జాకెట్లండి."

వినడానికి బాగానే ఉంది. కానీ మరీ బాగా ఉన్న మాటంటే నాకు ఇంకా అనుమానం. ఏదో అడగబోతున్నాను, ఆవిడ నా సైకిలు వైపు వంగి చూసింది. చూసి, పిల్లల్ని ఇంకో రౌండు వేసి రమ్మని పంపేసి, నెమ్మదిగా అంది: "టైర్లు అరిగాయండి. సీటు మీద మాత్రం దుమ్ము పేరుకుపోయింది. పెడళ్ళు తుప్పు పట్టాయి. మీకు సైకిలు రాదు కదండీ?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆరు నెలలు ఊరంతా కనిపెట్టలేని సంగతి ఈవిడ ఆరు క్షణాల్లో పట్టేసింది. 'ఎవరన్నారు, వచ్చు' అని దబాయిద్దామనుకున్నాను. నోట్లోంచి మాత్రం "ఎవరితోనూ అనకండి" అని వచ్చింది.

"అనను లెండి. రేపు అయిదున్నరకి రండి. పచ్చ జెండాలు మీక్కూడా పనికొస్తాయి," అంది. ఎవరితోనూ అననన్న ఆ మాట మీద ఆ రోజంతా అనుమానపడ్డాను. ఏం ఆశించి అననంది? గట్టు గురించి నేను పైకి రాయకుండా ఉండడానికా? అసలీ రహస్యం ఎవరికి అమ్ముకుంటుంది? (ఎవరు కొంటారన్నది నాకు తట్టలేదు.) అయినా మర్నాడు అయిదున్నరకి వెళ్ళాను.

ఆ తర్వాతి మూడు వారాల సంగతి వివరంగా రాయడానికి నాకింకా సిగ్గుగానే ఉంది. నలుగురు పన్నెండేళ్ళ పిల్లలు నా సీటు వెనక పట్టుకుని పరుగెత్తేవాళ్ళు. "కిందకి చూడకండి సార్, ముందుకి చూడండి" అని వాళ్ళు, చూస్తే ముందు కాలువ కనబడుతోందని నేను. వాళ్ళు వదిలేశారేమోనని ప్రతి రెండు గజాలకీ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, తిరగ్గానే పడేవాణ్ణి. "పట్టుకున్నామని చెప్పాం కదండీ, నమ్మరేంటి?" అని వాళ్ళలో చిన్నపిల్ల ఓ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది. ఆ మర్నాడు వెనక్కి చూడకుండా తొక్కాను. పచ్చ జెండాలు మొత్తం దాటేశాను. ఆపడం రాక ముళ్ళపొదలోకి పోయాననుకోండి, అది వేరే సంగతి.

ఈలోగా గళ్ళతువ్వాలుగారు చెయ్యాల్సిన పని చేశారు. మా డీఈ గారికి అర్జీ పెట్టారు. డీఈ అంటే మా సబ్‌డివిజనుకి పెద్ద ఇంజనీరు, ఆయన నవ్వగా చూసినవాళ్ళెవరూ ఆఫీసులో లేరు. 'ఇన్‌స్పెక్టరు గ్యాసు వాళ్ళతో కుమ్మక్కై గట్టు కొలిచి ఇస్తున్నాడు, సున్నం గీతలే సాక్ష్యం' అని అర్జీ. ఓ పొద్దున్న మేము తొక్కుతూ ఉండగానే గట్టు మీదికి జీపు వచ్చింది. దిబ్బలు అడ్డమొస్తే దిగి నడుచుకుంటూ వచ్చారాయన. వెనకాల గళ్ళతువ్వాలుగారు, లస్కరు బాబాయి, ఊళ్ళో సగం మంది.

"ఎవడయ్యా ఈ జెండాలు పాతింది?" అన్నారు డీఈ గారు, చేతిలో అర్జీ కాగితం ఊపుతూ. "ప్రభుత్వం గట్టు ఎవరి తాతది? ఎవరో తేలితే వాళ్ళ ఆఫీసుకి రాస్తాను. ఇవాళే ఈ దిబ్బలు చదును చేయిస్తాను."

టీచరుగారు ముందుకి అడుగేసింది. ఆవిడా గవర్నమెంటు ఉద్యోగే. ఆవిడ మీద కాగితం వెళితే సంజాయిషీలు, విచారణలు. దిబ్బలు ఇవాళే చదునైతే పిల్లలింకా నీలం జెండాలు కూడా దాటలేదు, జూన్ వచ్చేస్తోంది. ఆ చిన్నపిల్ల నా సైకిలు సీటు గట్టిగా పట్టుకుని నన్నే చూస్తోంది. నా నోరు నేను చెప్పకుండానే తెరుచుకుంది.

"నా కోసమేనండి ఇదంతా. నాకు సైకిలు రాదండి."

లస్కరు బాబాయి మొహం చూడాలి మీరు, దేవుడి పటం కింద పడి పగిలినట్టు చూశాడు. "రాదా? ఆర్నెల్లూ మరి..." అని ఆగిపోయాడు.

"దరఖాస్తులో ఏం రాశావ్?" అన్నారు డీఈ గారు.

"వచ్చునని రాశానండి. అబద్ధమండి." అమ్మ గుర్తొచ్చింది, చెల్లి కాలేజీ ఫీజు గుర్తొచ్చింది. కానీ, వింతగా, ఆరు నెలలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయి తేలిగ్గా కూడా ఉంది.

"అంతా నాటకమండి బాబూ, నమ్మకండి," అన్నాడు గళ్ళతువ్వాలుగారు. "సైకిలు రానోడుంటాడేటండి ఈ జిల్లాలో?"

డీఈ గారు నన్ను పైకీ కిందకీ చూశారు. "ఎక్కు. తొక్కు చూద్దాం," అన్నారు.

ఎక్కాను. పచ్చ జెండాలు ఒకటి, రెండు, మూడు, బాగానే పోతున్నాను. అంతమంది చూస్తున్నారన్న కంగారులో కాలు ఆగలేదు. దారి చీలే చోట ఎడమకి తిరగాలి. తిరగలేదు. నీలం జెండాల్లోకి పోయాను. "బ్రేకు సార్! బ్రేకు!" అని పిల్లలు అరుస్తున్నారు. బ్రేకనుకుని బెల్లు కొట్టాను. నీలం దాటిపోయి, ఎర్ర జెండా దిబ్బ మీదికి ఎలా ఎక్కానో ఈనాటికీ నాకు తెలీదు. నెత్తి మీద ఒక్క క్షణం నిడదవోలు స్టేషను సిగ్నలు స్తంభం దాకా కనబడింది. ఆ తర్వాత ఆకాశం, ఆ తర్వాత కాలువ అడుగున బురద. సైకిలు ఒక చోట, నేనొక చోట, చెప్పులు మరో చోట.

మోకాళ్ళ లోతు బురదలోంచి లేచి నిలబడేసరికి గట్టంచున డీఈ గారు నిలబడున్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని అన్నారు: "దరఖాస్తులో తొక్కడం వచ్చునా అని ఉంది. తొక్కావు, నేను చూశాను. దిగడం రాదు నీకు. దిగడం గురించి గడి లేదు." తర్వాత టీచరుగారి వైపు తిరిగి, "నీళ్ళు వదిలేదాకా ఉంచుకోండమ్మా. వదిలిన రోజున ఒక్క జెండా కనబడకూడదు," అని జీపు వైపు నడిచారు. ఆయన భుజాలు కదులుతున్నాయని, నవ్వుతున్నారని లస్కరు బాబాయి ఒట్టేసి చెప్పాడు. నేను నమ్మలేదు.

జూన్లో నీళ్ళు వదిలారు. దిబ్బల మట్టి ఊళ్ళోవాళ్ళు పెరళ్ళకి తోలుకుపోయారు. నలుగురు పిల్లలూ అయిదుగురై హైస్కూలుకి సైకిళ్ళ మీద వెళ్ళారు. అయిదో పిల్ల గళ్ళతువ్వాలుగారి మనవరాలు. స్వయంగా తనే పచ్చ జెండాల దగ్గరికి తీసుకొచ్చి, "నేర్పించండి టీచరుగారూ, గ్యాసు సంగతి మాత్రం నాకు తెలుసు," అని చెప్పి మరీ వెళ్ళాడాయన. ఆ ఏడే టీచరుగారికి మెట్ట వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు నాకు చైనుకి నూనె ఎలా వెయ్యాలో చూపించింది. థాంక్స్ చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదొక్కటే బాధ.

రిటైర్మెంటు దగ్గర పడింది నాకు. పని లేనప్పుడు ఆ బక్కపల్చటి కుర్రాణ్ణి తలుచుకుని నాలో నేను నవ్వుకుంటాను. సైకిలు పట్టుకుని, ప్రతి అలికిడికీ ఉలిక్కిపడుతూ ఆ గట్టు మీద ఎదురైతే, ఆపి చెప్పాలనిపిస్తుంది: "ఒరేయ్ అబ్బాయ్, ఎవడి గొడవలో వాడున్నాడు, నిన్ను ఎవరూ అంతగా చూడ్డంలేదురా. రాదని చెప్పెయ్, ఎవరో ఒకరు సీటు పట్టుకుంటారు." కానీ వాడు వినడు, నాకు తెలుసు. ఈ బట్టతలాయన ఎవరు, పొద్దున్నే గట్టు మీద ఏం పని, నా సంగతి ఈయనకెవరు చెప్పారని అనుమానపడి, పుస్తకం తీసి నా పోలికలు రాసుకుంటాడు.